గురువమ్మాళ్ ముఖచిత్ర విజయము

స్వస్తి! శ్రీముఖ నామ సంవత్సర ఫాల్గుణ మాసమున, ఆంగ్లేయులు తమ సౌకర్యార్థము వెయ్యిన్ని తొమ్మిదివందల ముప్పదినాలుగు అని పిలుచుకొను ఏట, కోవిల్‌పట్టి రైలు నిలయమునకు తూర్పుగా, ఒంటెద్దుబండిపై పగలంతయు ఒళ్ళు హూనము చేసుకొన్న మీదట మాత్రమే ప్రత్యక్షమగునట్టిదియు, వానదేవుడు ఏటికొకసారి చుట్టపుచూపుగా వచ్చి మంచినీళ్ళయినను తాగక వెళ్ళిపోవునట్టిదియు, నల్లరేగడి నేలపై తెల్లపత్తి పగిలి నిలిచియుండునట్టిదియు నగు నాగలాపుర గ్రామమున, సూర్యభగవానుడు రెండు బారల ఎత్తెక్కిన వేళ, ముల్లోకములు కనివిని యెరుగని సంగ్రామ మొకటి జరిగెను. అందు రథములు లేవు, గజములు లేవు, తురగములు లేవు. ఒక ఎద్దు మాత్రముండెను, అదియు నెమరువేయుచుండెను. వినదలచినవారు కూర్చుండుడు; పత్తి ఏరు పనియున్నవారు పొండు.

ఈ గాథకు నాయకుడు నల్లసామి. సముద్రలంఘన ధీరుడు, అనగా ఓడ టిక్కెట్టు కొన్నవాడు. ఘోరారణ్య విహారి, అనగా పినాంగు దీవి ఎదుటి రబ్బరు తోటలో గుమాస్తా. ఛాయాగ్రాహక చక్రవర్తి, అనగా ఈ బిరుదము తనకు తానే ఇచ్చుకొన్నవాడు. పదునేడవ ఏట ఊరు విడిచి, పదునొకండేండ్లు పరదేశమున ఉండి, ఒక్క నెల సెలవుపై ఇల్లు చేరినప్పుడు ఆ మహావీరుని కుడిచేత పెట్టె, ఎడమచేత గొడుగు, మెడలో తోలువారున వ్రేలాడు మరొక నల్లని పెట్టె ఉండెను. ఆ మూడవదే కెమెరా. స్వదేశమునకు మరలిపోవు తోట దొర ఒకడు బరువని వదలిపోగా, మనవాడు దానిని దివ్యాస్త్రమని ఎంచి రెండుచేతుల అందుకొనెను.

వచ్చిన మొదటి దినముననే అతడు తన పరదేశ పరాక్రమమును ఊరివారికి చిత్రరూపమున ప్రదర్శించెను. అందు దొరగారి కుక్క మూడు భంగిమలలో కలదు. కొండనెక్కు పినాంగు రైలు కలదు. చేతిపిడి తిప్పి కదలు బొమ్మలు పట్టు మరొక యంత్రముతో దొర కలడు, ఆ దొర వెనుక అసూయతో మలమలలాడు మనవాని నీడయు కలదు. కడపట, మోటారుకారునకు ఒరిగి కోటు తొడుగుకొని నిలిచిన నల్లసామి సాక్షాత్తుగా కలడు. తల్లి గురువమ్మాళ్ ఒక్కొక్క బొమ్మను పమిట చెరగుతో తుడిచి తుడిచి చూచి, "ఈ కుక్క ఎవురి బిడ్డ సామీ, ఇన్ని తూర్లు పట్టుండావు?" అని అడిగెను.

మేనమామ తంగసామి అంత సాధువు కాడు. ఆయన మోటారుకారు బొమ్మపై వేలు మోపి పరీక్ష మొదలుపెట్టెను.

"కారు ఎవురిది రా?"

"దొరది మామా."

"కోటు?"

"సావాసగానిది."

"సెప్పులు?"

నల్లసామి బొమ్మలోని చెప్పులను బొటనవ్రేలితో కప్పెను.

"అట్లయితే మూతి మాత్రం మనది. పోనీలే, అదన్నా సొంతంగా ఉండాది," అని తంగసామి తాంబూలము నోట వేసుకొనెను.

ఎగతాళి ఒక్క నిమిషము పక్కనబెట్టి ఒక మాట చెప్పవలెను. నల్లసామి ఊరు విడిచిన నాలుగవ ఏట తండ్రి పోయినట్లు జాబు వచ్చెను. ఆ దినము అతడు రబ్బరుచెట్టు మొదట కూర్చుండి తండ్రి ముఖమును తలచుకొనబోయెను. తలపాగా వచ్చెను. భుజముపై కంబళి వచ్చెను. నాగలి వెంట నడచిపోవు వీపు వచ్చెను. ముఖము రాలేదు. ఎన్ని దినములు కూర్చుండినను ముఖము రాలేదు. ఆ ఇంట తండ్రి బొమ్మ ఒక్కటియు లేదు. అందువలననే ఈ పెట్టె. తల్లి ముఖమును ఒక కాగితముపై పట్టి పడవ ఎక్కవలెననునదే అతని ప్రతిజ్ఞ. కుక్కలపై చేసినదంతయు ఈ యుద్ధమునకు సాధనయే అని అతడు చెప్పుకొనెడివాడు. మనము నమ్మినను నమ్మకున్నను కుక్కకు నష్టము లేదు.

మరి నెలదినములు ఏమి చేసెనందురా? ఏమి చేయగలడు! అది పత్తి ఏరు కాలము. గురువమ్మాళ్ కోడికూతకు చేనికి పోయి, దీపము పెట్టువేళకు ఇల్లు చేరును. కొడుకు పరదేశమునుండి వచ్చెనని పత్తికాయ పగులక ఆగునా? "నీకు బొమ్మ కావాలంటే పత్తి నాకోసం నిలవాల గదరా" అని ఆమె ఒక్క దినమైనను చేను మానలేదు. కడకు ప్రయాణము నాటి ఉదయమున మాత్రము, కొడుకును సాగనంపుటకై ఆమె ఇంటనుండెను. బండి కట్టుటకు గడియ సేపు మిగిలెను. కెమెరాలోని ఫిల్ముచుట్టలో ఎనిమిది బొమ్మలకు చోటుండగా ఓడ పొగగొట్టము, సముద్రము, మరల సముద్రము, కుక్కకు వీడ్కోలు, నల్లసామి సొంత బొటనవ్రేలు అను ఐదు మహాచిత్రములు అయిదింటిని మింగివేసెను. మిగిలినవి మూడు. సాత్తూరున అగ్గిపెట్టె దొరకును, విరుదునగరమున మిరపకాయ దొరకును, కోవిల్‌పట్టిలో పత్తిబేలు దొరకును. ఫిల్ముచుట్ట మాత్రము ఈ భూమండలమున మదురకు ఇవతల దొరకదు.

కనుక మూడే బాణములు, గడియయే కాలము, తల్లి ముఖమే లక్ష్యము. నల్లసామి వాకిట తల్లిని ఎండకు ఎదురుగా నిలిపి, పది అడుగులు వెనుకకు నడచి, పెట్టెను పొట్టకు ఆనించుకొనెను. ఆ జాతి కెమెరాను కంటికి ఎత్తరాదు. పొట్టవద్ద పట్టుకొని, తల వంచి, పైనున్న చిన్న అద్దములోనికి చూడవలెను. అతడు యథాశాస్త్రముగా తల వంచెను.

ఇచటనే విధి పొంచియుండెను. ఊరు విడిచి పోవువాడు పెద్దల యెదుట తల వంచుట, వంచిన తలకు పెద్దలు విభూతి పెట్టి దీవించుట ఆ వంశమున ఏడుతరములుగా తప్పని ఆచారము. వంచిన తలను వట్టిగా పోనిచ్చినచో దారిలో కీడు మూడునని వారి నమ్మకము. ప్రయాణము నాటి ఉదయమున, వాకిట, బండి ముందర, కన్నకొడుకు తల వంచి నిలిచినాడు. ఏ తల్లి పది అడుగుల దూరమున ఊరకుండును? గురువమ్మాళ్ విభూతి సంచి విప్పుకొని, దుముకు పులివలె వచ్చి, కొడుకు నుదుట మూడువ్రేళ్ళ పట్టె దిద్దిన క్షణముననే పెట్టె 'టిక్కు' మనెను.

"నూరేండ్లు బతుకు సామీ! పడవలో బద్రంగా పో!"

మొదటి బాణము వ్యర్థమాయెను. నల్లసామి లబలబలాడుచు, "అమ్మా, నేను మొక్కలేదమ్మా! పెట్టెలో నిన్ను చూసేదానికి తల వంచితిని!" అనెను.

"పెట్టెలో ఏంటికిరా చూసేది? నేను ఈడనే నిలుచుకోనుండాను గదా. తల ఎత్తి చూడు!" అనెను తల్లి. నల్లసామి ఫిల్ముచుట్టను ముందుకు తిప్పి, ఆమెను మరల పది అడుగుల అవతల నిలిపెను.

అంతట తంగసామి సేనాధిపత్యము వహించెను. ఆయన జీవితమున పట్టిన యంత్రము కవ్వము ఒక్కటియే, కాని సలహాకు కొదువ లేదు. "ఒరే, అక్క చేతులు ఊరికే ఉండేదానివల్లనే ఈ తొందరవు. రెండు చేతులకీ నీళ్ళకుడం ఇచ్చేస్తే తిన్నూరు ఎట్ల పుయ్యను?" అని విభూతికే ఎసరుపెట్టి, నిండు ఇత్తడి కుడమును అక్కచేతుల నుంచి, తాను యుద్ధము చక్కగా కనబడునట్లు మేనల్లుని పక్కన నిలిచెను. వ్యూహము అభేద్యమని అతడు మీసము దువ్వెను. ఎద్దు ఒక్కసారి తల ఎత్తి చూచి, మరల నెమరున పడెను.

నల్లసామి తల వంచెను. గురువమ్మాళ్ విలవిలలాడెను. బిడ్డ తల వంచియున్నాడు. చేతులా ఖాళీ లేవు. కుడము దింపిన నీళ్ళు ఒలుకును. ప్రయాణమున నీళ్ళు ఒలికిన మరియొక కీడు. ఆమె గొంతెత్తి అరచెను:

"తంగసామీ! నాకు చెయ్యి కాళీ లేదు, నువ్వన్నా పుయ్యిరా! బిడ్డ ఎంతసేపు అట్లనే వంగుకోనుంటాడు పావం!"

తంగసామి వ్యూహకర్తయే. కాని అంతకు ముందునుండియు మేనమామ. యాబదియేండ్ల అలవాటు ఆయన బుద్ధిని అడుగక చేతిని మాత్రమే పిలిచెను. చేయి తన మొలనున్న విభూతి సంచిలోనికి పోయెను, అచటనుండి మేనల్లుని నుదుటికి పోయెను, పోవుచు దారిలో మోచేయి కెమెరా కంటికి అడ్డముగా నిలిచెను. 'టిక్కు' మనెను. రెండవ బాణమును ఆ మోచేయి మింగెను.

"మామా!"

"నేనేమి చేసేదిరా? తల కనబడె, పూస్తిని," అని తంగసామి తన చేయి వంక, పరాయివాని చేతిని చూచినట్లు చూచెను.

బండివాడు ఎద్దును లేపెను. కాలము ముగియుచున్నది. బొమ్మల లెక్క చూపుటకు పెట్టె వీపుననున్న ఎర్రగాజు కన్నులో ఎనిమిది అంకె కనబడెను. అప్పుడు నల్లసామి, రెండు పొరల విభూతితో నుదురు తెల్లబారగా, హృదయాంతరాళమున ఇట్లు గర్జించెను: "ఓ కృష్ణమంజూషా! ఏకాక్షీ! శునక సౌందర్య సాక్షీ! దొరగారి కుక్క తోకను రోమరోమమున పట్టితివే, నన్ను గన్నతల్లి ముక్కుపుడకను పట్టజాలవా? తండ్రి ముఖమును కాలము దోచుకొనిపోయెను, ఆనాడు నాచేత ఆయుధము లేదు. ఈనాడు ఉండియు ఓడినచో, ఏ ముఖము పెట్టుకొని ఏ ముఖమును తలచుకొందును?" ఇంత గర్జించి, నోట మాత్రము, "అమ్మా, కుడం దించెయ్యి. రవ్వంత సేపు అట్లనే ఉండు," అనెను.

తల్లి మాటయే అతనికి తోచెను. తల ఎత్తి చూడవలెను. అద్దములోనికి చూచిన తల వంచవలసివచ్చును. తల వంచిన విభూతి వచ్చును. కనుక చూడరాదు. పెట్టెను పొట్టమీద గుడ్డిగా నిలిపి, మెడ నిక్కించి, గడ్డము ఎత్తి, తల్లి ముఖమును సూటిగా చూచుచు కొయ్యవలె నిలువవలెను. అతడు అట్లే నిలిచెను.

గురువమ్మాళ్ సంచిలో వ్రేళ్ళు పెట్టుకొని ఎదురుచూచెను. తల వంగలేదు. మరికొంత చూచెను. వంగలేదు. ఆమె చేయి సంచిలోనుండి వట్టిగా వెలుపలికి వచ్చి నడుముపైకి చేరెను.

"ఏమిరా ఇది? పడవెక్కి పోయేవాడు, కన్నతల్లి ముందర కొయ్యమాదిరి నిలుచుకోనుండావు? మీ నాయన తల వంచకుండా ఈ గడప దాటింది ఒక్క దినం చూసుండావా నువ్వు? నాలుగు కుక్కల్ని పోటో పట్టితే దొరవై పోతివా?"

కోపము వచ్చినప్పుడు గురువమ్మాళ్ కదలదు. ఈ సంగతి ఆ ఇంటి ఎద్దుకు కూడ తెలియును. కన్నులు రెండును కొడుకుపై నిలిచెను, కనుబొమ చెదరలేదు, చెవుల వ్రేలాడు పాంబడములు సైతము ఊగుట మానెను. కొడుకు ఆ ముఖమును చూచుచునే మీట నొక్కెను.

'టిక్కు'.

మరుక్షణమున ఆ నిక్కిన మెడ, ఆ కొయ్యబారిన నడుము, ఆ పదునొకండేండ్ల పరదేశము, అంతయు వాకిటి దుమ్ములో తల్లి పాదములపై పడెను. గురువమ్మాళ్ తిట్టు సగములో ఆపి, "అట్ల రా దారికి," అని, మూడవసారి విభూతి పూసి, పూసిన చేతితోనే కండ్లు తుడుచుకొని, కంట విభూతి పడగా, ఇక ఏడ్చుటకు అదియే సాకుగా తనివితీర ఏడ్చెను.

బండి కదలెను. కోవిల్‌పట్టిలో రైలెక్కిన నల్లసామి నుదురు తడువకుండ ముక్కు మొదలుకొని క్రిందికి మాత్రమే ముఖము కడుగుకొనుచు, మరునాడు విరుదునగరమున దిగెను. అచట మిరపకాయల మండీ వెనుక, చెల్లదురై అను ఫొటో పనివాడు తుమ్ములు ఆపుకొనుచు చీకటిగదిలో జీవితము గడుపుచుండెను. సాయంకాలపు రైలులోగా బొమ్మలు కడిగి ఈయవలెనని నల్లసామి ప్రాధేయపడెను. రెండు గంటలపాటు ఆ సముద్రలంఘన ధీరుడు మిరపఘాటులో ముక్కు చీదుచు, తలుపు ముందర పచార్లు చేసెను.

చెల్లదురై తడిబొమ్మలతో వెలుపలికి వచ్చెను. ఆరవ బొమ్మలో తెల్లని పొగమంచు. ఏడవ బొమ్మలో తంగసామి మోచేయి, మహామేరువంత. ఎనిమిదవది అరచేయంతయైనను లేదు. పొట్టతో గురిపెట్టిన బాణము గదా, ఇల్లు ఒకపక్కకు కూలిపోవుచున్నట్లుండెను. ఎద్దు వెనుకభాగము పరిపూర్ణముగా వచ్చెను. తల్లి పాదములు రాలేదు. కాని పైమూలన, వెంట్రుక వెంట్రుకగా, ముక్కుపుడకతో, పాంబడములతో, సగము తెరచిన నోటితో, గురువమ్మాళ్ ముఖము కలదు.

"మీ అమ్మగారా?" అని చెల్లదురై అరవములో అడిగెను. "ఎవరినో తిడుతున్నట్టున్నారే!"

"నన్నే," అనెను నల్లసామి, రాజసభలో బిరుదు పొందినవాని వలె.

రైలు వచ్చువరకు అతడు నిలయమున ఒక బల్లపై కూర్చుండి, ఇంకను ఆరని బొమ్మను అరచేత పెట్టుకొని, దానిని చూచుటకై తల వంచెను. వంచిన తల వంచినట్లే కొంతసేపు ఉంచెను. అలవాటు గదా. ఈసారి ఏ చేయియు రాలేదు. నుదుటినుండి ఎండిన విభూతి మాత్రము పొడిగా రాలి, తడికాగితముపై తల్లి భుజము దగ్గర అంటుకొనెను. అతడు దానిని తుడువలేదు.

ఇట్లు నాగలాపుర సమరమున, మూడు బాణములలో రెండు నేలపాలు కాగా, ఒక ఎద్దు సాక్షిగా, మూడంగుళముల కాగితముపై ఒక తిట్టును జయించి తెచ్చిన వీరుని కథ సమాప్తము. దీనిని విన్నవారి కెమెరాలలో బొటనవ్రేలు పడకుండుగాక. ఊరు విడిచి పోవువారు కుక్కను రెండుసార్లు పట్టి ఊరకుందురుగాక. మూడవ బొమ్మను ఇంటికి అట్టిపెట్టుకొందురుగాక.