నీలిచేప పెత్తనం

సమస్త జీవులూ కలిసిమెలిసి ఎలా బతకాలో లోకానికి నేర్పే అర్హత ఈ వీధిలో నాకొక్కడికే ఉంది! ఎందుకంటే మా హాల్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో పగడాలున్నాయి, రాళ్ళున్నాయి, ఎవరికి ఎవరితో పొసగుతుందో పుస్తకాలు తిరగేసి మరీ నేను ఏరికోరి తెచ్చిన చేపలున్నాయి.

మామగారు మా ఇంట్లో ఉండటానికి వచ్చిన రోజున ఈ విషయం మీదే ఆయనకు ఉపన్యాసమిచ్చాను. పాపం, శ్రద్ధగానే విన్నారు. కాకపోతే నా కుర్చీలో కూర్చుని విన్నారు.

"అది నా కుర్చీ, మామయ్యగారూ," అన్నాను నవ్వుతూ. ఆయన సోఫాలోకి మారారు.

"అది నేను పేపరు చదివే చోటు," అన్నాను మరింత నవ్వుతూ. ఆయన కిటికీ దగ్గరికి జరిగారు. అక్కడ కూర్చుంటే నాకు గాలెలా వస్తుంది? సాయంత్రానికి పెద్దాయన వంటింట్లో స్టూలు మీద తేలారు.

"నాన్న వెళ్ళిపోతానంటున్నారు," అంది మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఆయన ఇక్కడుంటే నాకెంత సంతోషమో మీకు తెలీదా?"

"అదలా ఉంచు. ముందు ఈ ఘోరం చూడు!"

ఘోరమే మరి! కొత్తగా తెచ్చిన పసుపుచేపను పాత నీలిచేప తరిమి తరిమి పొడుస్తోంది. వేలెడంత లేదు, తొట్టంతా దాని తాత కట్టించినట్టు! పసుపుచేప ఓ మూల పంపు వెనక నక్కింది. నా కడుపు తరుక్కుపోయింది. వెంటనే చేపల దుకాణదారుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి సంగతంతా చెప్పాను.

"కొత్తదాన్ని వెనక్కిచ్చేయనా?"

"దాని తప్పేముంది సార్? పాతదానికి పొగరు. ప్రతి రాయీ తనదే అనుకుంటోంది. లైట్లార్పేసి రాళ్ళన్నీ అటూ ఇటూ మార్చెయ్యండి. తన చోటేదో దానికే తెలీకపోతే, నోరుమూసుకుని సర్దుకుంటుంది."

మా ఆవిడ కళ్ళు తుడుచుకోవడం ఆపి మరీ వింది. ఇన్నాళ్ళకు నా విద్య మీద గౌరవం కలిగిందని పొంగిపోయాను.

రాళ్ళు మార్చాను. నీలిచేప కాసేపు వెర్రిచూపులు చూసి, పసుపుచేప పక్కన బుద్ధిగా ఈదింది. ఆహా, శాంతి!

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీస్తే, కర్టెన్లన్నీ దించేసి ఇల్లంతా చీకటి. రెండడుగులు వేశానో లేదో, మోకాలికి సోఫా కొట్టుకుంది. అదక్కడ ఉండకూడదే! కుర్చీ కోసం తడిమితే బీరువా చేతికొచ్చింది.

"నా కుర్చీ ఏదీ?" అని అరిచాను.

"అరవకండి. ముందు కాస్త అలవాటుపడండి," అంది మా ఆవిడ చీకట్లోంచి, చల్లగా.

"ఇటు రండి అల్లుడుగారూ, నా పక్కన చోటుంది," అన్నారు మామగారు.

నోరుమూసుకుని వెళ్ళి, ఆయన పక్కన బుద్ధిగా కూర్చున్నాను.

"భయపడకు నాన్నా," అంది మా ఆవిడ లైటు వేస్తూ, "ఇక పొడవరు."