ఆగయ్య అన్‌ఫిట్ అయిన రోజు

ఆగయ్యను అన్‌ఫిట్ చేసింది డాక్టరు కాదు, బొగ్గు దుమ్ము అంతకన్నా కాదు. "నూరు శాతం ఉద్యోగం" అని ఇంగ్లీషులో రంగుల కాగితం అచ్చేసి గోదావరిఖని కాలనీల్లో ఇంటింటికీ పంచిన రత్నగర్భ టెక్నాలజీ కాలేజీ పెద్దమనుషులు చేశారు. నేరం వాళ్లది. మిగతావాళ్లంతా తలా ఒక చెయ్యి వేశారు, అంతే.

అది తొంభై ఆరు జూన్. బొగ్గు నింపే కార్మికుడు ఆగయ్య ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. మొదటి షిఫ్టుకు నాగా పెట్టి, కంపెనీ దవాఖానలో కంపౌండరు కుతుబుద్దీన్‌ను కలవాలి. తనకు తెలిసినవాళ్లలో ఇంగ్లీషు కాగితం చదివి అర్థం చెప్పేవాడు ఆయనొక్కడే. కూతురు అనసూర్య పది ఫస్టు క్లాసులో పాసైంది. ఆ కాలేజీలో గని కంప్యూటర్ల డిప్లొమా మూడేళ్లు, ఏడాదికి పన్నెండు వేలు, శనివారం ఆఖరు తేదీ. పీఎఫ్ లోన్ తీస్తే తప్ప కట్టలేడు. కట్టాక నౌకరి వస్తుందా రాదా అన్నదే తేలాలి. అమ్మాయి మార్కుల కాగితం, కాలేజీ కాగితం ఫైలులో పెట్టుకుని బయలుదేరాడు.

అక్కడే తప్పు జరిగింది. బొగ్గు గనుల ఊళ్లో నడివయసు కార్మికుడు డ్యూటీ మాని, చంకలో ఫైలుతో దవాఖాన వరుసలో కనబడితే దానికి ఒకటే అర్థం. రోగం పేరున అన్‌ఫిట్ రాయించుకుని, తన నౌకరి కొడుక్కో అల్లుడికో ఇప్పించుకోబోతున్నాడని. ఆగయ్యకు కొడుకు లేడు.

కుతుబుద్దీన్ ఆ రోజు సెలవు. వరుసలో యూనియన్ బుచ్చన్న మాత్రం ఉన్నాడు.

"ఏందే ఆగన్నా, డ్యూటీ ఇడిచిపెట్టి గిటొచ్చినవ్?"

"పిల్ల బతుకు గురించే. ఎవ్వలకు చెప్పకు, ఇంకా ఖాయం కాలె."

బుచ్చన్న దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఎంత అడుగుతున్నరు?"

"ఏడాదికి పన్నెండు వేలు. మూడేండ్లు కట్టాలె."

"కిస్తుల మీద సుతం అయితుందా? మరి నౌకరి గ్యారంటీనా?"

"కాగితంలనే రాసిండ్రు."

"కాగితంల రాసిచ్చిండ్రా!" బుచ్చన్న ఇరవై ఏళ్ల యూనియన్ బతుకులో ఇంత ధైర్యమైన లంచం వినలేదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి, నేరుగా గనికి వెళ్లి హాజరు వేసే మస్టరు గుమస్తాకు చెప్పాడు.

రెండు గంటలకు మొదటి షిఫ్టు పైకి వచ్చింది. మూడింటికల్లా కాలనీ అంతా తెలిసిపోయింది, ఆగయ్యకు తప్ప. ఎదురింటాయన గేటు దగ్గరే ఆపి, "గంత చక్కగ నడుస్తరే? జర నడుం పట్టుకో," అని మందలించాడు. ఆగయ్యకేమీ అర్థం కాలేదు. కానీ అందరూ తన కాళ్లవైపే చూస్తుంటే నాలుగడుగులు నిజంగానే కుంటుతూ నడిచాడు.

ఇంట్లో భార్య లింగవ్వ నల్లా దగ్గర బిందె వదిలేసి కూర్చుని ఉంది. "నాకొక్క మాట చెప్పకుంట దాసిపెట్టినవ్."

"ఏం దాసిన?"

"రోగం."

"ఏం రోగం?"

"నన్నడుగుతవేంది? ఊరందరికి తెలుసట."

ఆగయ్య గుండె మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. కొట్టుకుంటోంది. ఎందుకైనా మంచిదని ఒకసారి దగ్గాడు. పక్క క్వార్టరువాళ్లు గోడ మీదుగా చూసి జాలిగా తల ఊపారు.

ఐదింటికి, ఫోనులో కబురు అందుకున్న అక్క సారవ్వ బెల్లంపల్లి నుంచి పసుపు, కుంకుమ, చీరతో దిగింది. "తమ్మీ, మేనల్లుడు ఇంట్ల ఉండంగ బయటోనికి నౌకరి ఇస్తవా?"

"ఎవలి నౌకరి అక్కా?"

"నీదే."

అప్పుడు వెలిగింది. "అక్కా, నేను మంచిగున్న. అన్‌ఫిట్ గిన్‌ఫిట్ ఏం లేదు."

"గట్లనే అను. ఆర్డరు చేతికొచ్చేదాక నా తమ్ముడనేది గదే మాట," అని సారవ్వ మెచ్చుకుంది.

ఇంతలో మెడకు టై కట్టుకున్న కుర్రవాడొకడు గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఫైలు, ఫైలు మీద రత్నగర్భ కాలేజీ పేరు. పొద్దున్నుంచీ అసలు సంగతి మాట్లాడడానికి వచ్చినవాడు వీడొక్కడే అనుకుని ఆగయ్యకు ప్రాణం లేచి వచ్చింది.

"రాండ్రి సారూ, కూసోండ్రి. మీ కాలేజీ సంగతే అడుగుదామని పొద్దటి సంది తిరుగుతున్న."

"కాలేజీ సంగతి ఎందుకుగాని కాకా, నా పేరు లింగమూర్తి. మాది పెద్దపల్లి. మీ నౌకరి నా పేరు మీద రాపిస్తే మీ పిల్లను మంచిగ చూస్కుంట."

ఆగయ్య ఫైలు వైపు చూశాడు. "ఏం చదివినవ్ బిడ్డా?"

"గని కంప్యూటర్ల డిప్లొమా. ఫస్టు క్లాసు. అదే కాలేజీల ఏడాది పాఠాలు గూడ చెప్పిన. జీతమియ్యకపోతే ఇడిచిపెట్టిన."

"మరి బొగ్గుబాయిల దిగి తట్ట మోస్తవా?"

"మోస్త."

తలుపు వెనకాల వింటున్న అనసూర్య బయటికి వచ్చింది. "మీతోని ఎంతమంది చదివిండ్రు?"

"నలభై ఒక్కరం."

"అందరు ఏం చేస్తున్నరు?"

"ముగ్గురు ఎస్‌టీడీ బూతులు పెట్టిండ్రు. ఒకడు ఊళ్లె పత్తి ఏసిండు. ఆరుగురు అదే కాలేజీల చెప్తున్నరు."

"మిగిలినోళ్లు?"

లింగమూర్తి టై వదులు చేసుకున్నాడు. "అన్‌ఫిట్ అయ్యే మామల కోసం తిరుగుతున్నరు."

సారవ్వ గర్వంగా అంది. "సూడు తమ్మీ, మా పిలగాడు ఏం చదువలె. మూడేండ్లు, ముప్పై ఆరు వేలు మిగిలినయి."

"బాపూ, నాకా కాలేజీ వద్దు. పెండ్లి సుతం వద్దు," అంది అనసూర్య. "లోన్ పెట్టకు. వచ్చే యేడు సర్కారు పాలిటెక్నిక్ పరీక్ష రాస్త." లింగమూర్తి వైపు తిరిగింది. "మీరు లెక్కలు చెప్తరా సార్? నెలకు నూరు రూపాయలు ఇస్తడు బాపు."

లింగమూర్తి ఆలోచించలేదు. "చెప్త." ఆ డిప్లొమా మీద అతనికి దొరికిన మొదటి జీతం అదే. సారవ్వ చీర మడిచి సంచిలో పెట్టుకుని, టీ తాగకుండానే బస్సుకు పోయింది.

తెల్లారి మొదటి షిఫ్టుకు వెళ్తే మస్టరులో ఆగయ్య పేరు మీద గీత ఉంది.

"నువ్వు అన్‌ఫిట్ గదనే," అన్నాడు గుమస్తా.

"ఎవలన్నరు?"

"అందరు. ఫిట్ అయితే దవాఖాన కాగితం తీస్కరా."

ఆగయ్య మళ్లీ దవాఖాన వరుసలో నిలబడ్డాడు. బుచ్చన్న అటుగా పోతూ, పని బాగానే నడుస్తోందన్నట్టు కన్నుగీటాడు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఫీజు అడిగే ప్రతి కాలేజీ, తన దగ్గర చదివి పోయినవాళ్ల పేర్లు, ఊళ్లు, వాళ్లు చేస్తున్న పని రాసి గేటుకు కట్టాలి. పెద్ద అక్షరాలతో, తెలుగులో కట్టాలి. కట్టేదాకా ఒక్క తండ్రి కూడా పీఎఫ్ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఆగయ్యను మాత్రం ఈ షిఫ్టుకే లోపలికి పంపండి. మనిషి బాగానే ఉన్నాడు.