ఎడమ జేబులో రెండు సీసాలు

ఆ ఉదయం ప్రొఫెసర్‌గారి పని చాలా సులువు. ఏడింటికి పశువుల ఫారంలో ఆబోతు వీర్యం సేకరించాలి, తొమ్మిదింటికి వెటర్నరీ కాలేజీలో దాన్ని నలభై మంది విద్యార్థులకు తెరమీద చూపించాలి. మధ్యలో ఆసుపత్రి ల్యాబులో అల్లుడి సీసా ఇచ్చేసి రావాలి, అంతే.

కూతురికి పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేరు. అల్లుడు అదే కాలేజీలో లైబ్రేరియన్. పరీక్షకు వెళ్లమంటే సిగ్గుతో చచ్చిపోతున్నాడు. "ఇందులో సిగ్గేముంది బాబూ, సైన్సు. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇదేగా," అని మామగారే తన ల్యాబు సీసా ఒకటి చేతికిచ్చారు.

పొద్దున్నే కాలేజీ గేటు దగ్గర దాన్ని తిరిగిస్తూ అల్లుడు గొంతు తగ్గించాడు. "పేరు మాత్రం రాయకండి మామయ్యగారూ. ఎవరికైనా తెలిస్తే నేను తలెత్తుకు తిరగలేను."

"మూడో కంటికి తెలియనివ్వను. సరేనా?"

వీర్యం చల్లబడకూడదు, దానికి వెలుతురు తగలకూడదు. అందుకే సీసాకు నల్ల కాగితం చుట్టి, ఒంటి వేడి తగిలేలా కోటు లోపలి ఎడమ జేబులో పెట్టుకోవడం ఆయన అలవాటు. అల్లుడి సీసా అలాగే పెట్టుకున్నారు. ఫారంలో ఆబోతు తన పని కానిచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటున్న చెయ్యి ఆ సీసానూ అదే జేబులో పడేసింది.

ఆసుపత్రి కౌంటరు దగ్గర జేబు తడిమితే రెండు తగిలాయి. విప్పి చూద్దామంటే వెనకే పక్కింటావిడ నిలబడి ఉంది. ముందు పెట్టింది అడుగునుంటుందని లెక్కవేసి అడుగునున్నదే ఇచ్చి, మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని బయటపడ్డారు.

తొమ్మిదింటికి తెరమీద బొమ్మ పడింది. ముందు వరుసలోని అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, ఇది ఆబోతుది కాదనుకుంటా."

"ఏం, ఎందుకు కాదు?" అన్నారాయన కళ్లజోడు తుడుచుకుంటూ.

"ఆబోతు కణం తల పెద్దగా, చదునుగా ఉంటుందని మీరే చెప్పారు. ఇవి చిన్నగా ఉన్నాయి. ఇది మనిషిది సార్."

కళ్లజోడు పెట్టుకుని చూశారు. అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "పొద్దున గేటు దగ్గర లైబ్రరీ సార్ మీకేదో సీసా ఇచ్చారు కదా సార్, అదేమైనా..."

"కాదు," అన్నారు ప్రొఫెసర్‌గారు. "ఇది నాది."

తలలన్నీ తెర నుంచి ఆయన వైపు తిరిగాయి. ముందు వరుస అమ్మాయి మాత్రం తెరమీంచి చూపు తిప్పలేదు. "లెక్క కూడా వేశాను సార్. కదలిక ఎనభై శాతం. మీ వయసుకి చాలా గొప్ప విషయం." నలభై మందీ చప్పట్లు కొట్టారు. సిగ్గేమిటని ఊరంతటికీ పాఠాలు చెప్పిన మనిషి, నేల చీలి తనను మింగేస్తే బాగుండునని నేల వంక చూస్తూ నిలబడ్డారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భార్య అన్నం వడ్డించి గరిటె చప్పుడయ్యేలా పెట్టింది. "ఆసుపత్రిలో మొహం దాచుకుని సీసా ఇచ్చారట. కాలేజీలో మీదే తెరమీద వేసి చూపించుకున్నారట. కదలిక ఎనభై శాతమని పిల్లలు చప్పట్లు కూడా కొట్టారట. కూతురికి పిల్లల్లేరని నేను కుమిలిపోతుంటే, ఈ వయసులో మీకీ ముచ్చటేమిటండీ? రేపటి నుంచి నలుగురిలోకి నేనెలా వెళ్లను?"

ఆయన తల వంచుకుని అన్నం కెలికారు. ఒక్క మాట చెబితే బయటపడతారు, కానీ ఆ ఒక్క మాటే చెప్పనని మాటిచ్చారు.

ఎదురుగా కూర్చున్న అల్లుడు ముద్ద వదిలేసి లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆయన్నేమీ అనకండి అత్తయ్యగారూ. అది నాది."

"నాలుగేళ్లుగా నీలో నువ్వే కుమిలిపోతున్నావా? నాకైనా చెప్పొద్దూ?" అంది కూతురు, కళ్లు తుడుచుకుంటూ. "రేపు డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం."

భార్య మొగుడి వంక తిరిగి, "ఎనభై అంటే మంచిదేనా?" అని మెల్లగా అడిగింది.

"చాలా మంచిది," అన్నారు ప్రొఫెసర్‌గారు, ఇంకా తలెత్తకుండానే.

సాయంత్రం ఆసుపత్రి నుంచి రిపోర్టు వచ్చింది. కణాలు యంత్రం లెక్కకు అందనన్ని ఉన్నాయనీ, అయినా అందరికీ చెప్పే జాగ్రత్తగా పొగతాగడం మాని వదులుగా ఉండే లోదుస్తులు వేసుకోవాలనీ అందులో ఉంది. ఆబోతు సిగరెట్టు జోలికి ఎన్నడూ పోలేదు, లోదుస్తుల సంగతి సరేసరి.