ప్రతి గుమాస్తా ఇంటా ఒక ఫెర్న్

ఎండ తగలరాదు. పొగ సోకరాదు. వడగాలి కొట్టరాదు. పొద్దునా మాపునా నీళ్లు చిలకరించవలెను. పరాయివాళ్లు ముట్టుకోరాదు.

బాలింతకు చెప్పిన జాగ్రత్తలనుకున్నారా? కాదు! కుండీలో జానెడెత్తున్న ఒక ఫెర్న్ మొక్కకు. చిత్తూరు ఎండ తాళలేక కొండకు క్యాంపు పోతూ మా ఆఫీసరు గారు, టెంపరరీ గుమాస్తా మునిరామయ్య చేతిలో ఆ కుండీ పెట్టి, పై మాటలన్నీ ఇంగ్లీషులో సెలవిచ్చినారు. "మొక్క పచ్చగా ఉంటే నీ పర్మనెంటు సంగతి చూస్తాను" అన్నది మాత్రం తెలుగులో అన్నారు.

గుమాస్తా యోగ్యత తేల్చడానికి ఇంతకంటే మంచి పరీక్ష ఉందా? బి.ఏ. బట్టీ పట్టి గట్టెక్కవచ్చు. నేనట్లే గట్టెక్కినాను. ఫెర్న్ బట్టీకి లొంగదు. కనుక సర్కారు వారు ప్రతి గుమాస్తా ఇంటా ఒక ఫెర్న్ పెట్టించవలెనని నా మనవి!

ఇంటికి కలిగే మేలు చూడండి. తాగేనీళ్ల కుండ కింద తడి ఇసుక ఉంటుంది గదా, ఇంట్లో చల్లని చోటు అదొక్కటే. మునిరామయ్య కుండను అవతలికి జరిపి, ఫెర్న్‌ను అక్కడ కూర్చోబెట్టినాడు. వేసవంతా ఇంటిల్లిపాదీ వెచ్చని నీళ్లు తాగినారు. వెచ్చని నీళ్లు ఒంటికి మంచివి కావా?

తల్లి మునిరత్నమ్మకే నమ్మకం కుదరలేదు.

"పూస్తాదేమిరా?"

"పూయదు మా."

"కాస్తాదా?"

"కాయదు."

"ఎనుముకేస్తే మేస్తాదా?"

"మా, అది ఆఫీసరు గారిది!"

"అయితే ఆయప్పకే ఎయ్యి."

ఒకనాడు ఆమే ఆకు తిరగేసి చూసి కెవ్వుమనింది. అడుగున వరసగా గోధుమరంగు పొక్కులు! "నాయనా, సెట్టుకు అమ్మోరు పోసిందిరా!"

మీరు నవ్వవచ్చు. పర్మనెంటు కావలసినవాడు నవ్వలేడు. గడపకు వేపమండలు కట్టినారు. పసుపునీళ్లు చల్లినారు. తాళింపు మానేసి పెరుగన్నం తిన్నారు. నీడ, చలవ, పొగ లేకపోవడం, పరాయివాళ్లు రాకపోవడం! ఆఫీసరు గారి ఇంగ్లీషంతా అమ్మోరి ఆచారంలోనే ఉండాది. ఫెర్న్ నవనవలాడింది.

ఈలోగా ఫైలు తెచ్చిన బంట్రోతు చిన్నబ్బ, గడపకున్న వేపమండలు చూసి వచ్చిన దోవనే పరుగెత్తినాడు. మర్నాడు మునిరామయ్యను ఆఫీసు గేటు దగ్గరే ఆపినారు.

"మా ఇంట్లో మనుషులకు కాదప్పా, సెట్టుకు!"

"సెట్టుకు అమ్మోరా? జ్వరం తలకెక్కినట్టుండాది. ఇంటికి పోప్పా సామీ!"

గుమాస్తా లేడని పని ఆగరాదు గదా! సంగతి తెలిసి ఆఫీసరు గారు కొండమీదినుంచే ఆ ఖాళీలో తమ బావమరిదిని పర్మనెంటుగా వేయించినారు.

వానలు పడినాక దిగివచ్చి, మునిరామయ్య తెచ్చి అప్పగించిన కుండీలో ఆకు తిరగేసి మురిసిపోయినారు. "ఇవి జబ్బు కాదయ్యా, దీని విత్తనాలవంటివి! మొక్క పుష్టిగా ఉంటేనే వస్తాయి. నువ్వు చాలా సమర్థుడివి."

"మరి నా పర్మనెంటు సంగతి..."

"ఇన్నాళ్లు ఆఫీసుకు రానివాడికి ఎట్లా ఇచ్చేదయ్యా?"

ఇప్పుడా ఫెర్న్ ఆఫీసు వరండాలో ఉంది. బావమరిది గారికి మొక్కల పని తెలియదు. అందుచేత నీళ్లు చిలకరించను మునిరామయ్య పొద్దునా మాపునా వచ్చిపోతున్నాడు, టెంపరరీగా.

పాఠకులారా, అర్జీ పెట్టుకోను మీరా వరండా మెట్లెక్కితే మొక్కను తప్పక మెచ్చుకోండి. మెచ్చుకునేటప్పుడు మునిరామయ్య పేరు కొంచెం గట్టిగా అనండి. లోపల కూర్చున్నవారికి ఆ పేరు జ్ఞాపకం ఉండటం లేదు.