ముందు వరుసలో ఎవరు?

ఆ ఉదయం నెట్‌వర్క్ ఇంజినీరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికి మేనేజర్ వీడియోలో క్లయింట్లతో మాట్లాడాలి. కాంట్రాక్టు వదిలేద్దామని వాళ్లు అప్పటికే సగం నిశ్చయించుకున్నారు. ఆ మీటింగుకు ఏదీ అడ్డం రాకుండా, ఆఫీసు నెట్ తీగలన్నీ కలిసే స్విచ్‌లో ట్రాఫిక్‌ను వరుసలుగా విడదీయాలి. మేనేజర్ తీగ ఉన్న ఏడో పోర్టుది మొదటి వరుస. మెయిళ్లూ ఫైళ్లూ వెనక. లేత ఎండలో స్విచ్ దీపాలు మిణుకుమిణుకుమంటుంటే ఆవిడ నియమం రాసి, ఆవులించి, సేవ్ నొక్కింది.

ముందురోజు బల్లలు జరిపినప్పుడు ఎలక్ట్రీషియన్ తీగలు తారుమారు చేశాడని ఆవిడకెవరూ చెప్పలేదు.

పది దాటగానే మేనేజర్ ఆవిడకు సెల్ నుంచి ఫోన్ చేశాడు. "ఏమ్మా, నేను కదులుతున్నానా?"

తెర మీద ఆయన నోరు తెరిచి, ఒక కన్ను మూసి, బిగుసుకుపోయి ఉన్నాడు. "లేదు సార్, ఆగిపోయారు."

మాట మాత్రం వెళుతోంది, కాస్త ఆలస్యంగా. రోజూ పరీక్షించి చూస్తారా అన్న క్లయింట్ల ప్రశ్నకు ఆయన చెప్పిన "అది మా అలవాటేనండి" అన్న జవాబు, "పని ఎందుకింత లేటవుతోంది?" అని వాళ్లు అడిగాక చేరింది.

ఆవిడ మిగతా వరుసలన్నిటినీ ఇంకా వెనక్కి నెట్టింది. ఆఫీసులో మెయిళ్లు ఆగాయి, ప్రింటర్లు మూగబోయాయి. మేనేజర్ ఇప్పుడు మసకగా కూడా లేడు. చివరికి ఏడో పోర్టులో ఏం పోతోందో తెరిచి చూసింది.

చేపలు. రిసెప్షన్‌లోని గాజుతొట్టె మీద పెట్టిన కెమెరా అది. పచ్చటి నీళ్లలో నారింజరంగు తోకలు తీరిగ్గా విప్పారుతూ, ముడుచుకుంటూ... ఎక్కడా ఆగడం లేదు. ఆవిడ చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. తనూ ఆ నీళ్లలో తేలుతున్నట్టనిపించింది.

"ఏది ఆగకుండా వస్తోందో దాన్నే పెట్టు తల్లీ!" ఫోన్‌లో మేనేజర్ మొత్తుకున్నాడు.

ఆయనన్నది లైను గురించి. ఆవిడ కలలో నడిచినట్టు చేపల్ని మీటింగులో పెట్టింది.

తొమ్మిది నిమిషాలు ఎవరూ కిక్కురుమనలేదు. అప్పుడు ఆవిడ తేరుకుని, ఉద్యోగం ఊడినట్టేననుకుంటూ పరుగున వెళ్లి తీగలు మార్చింది. మేనేజర్ మొహం నిగనిగలాడుతూ తెరంతా నిండింది.

"అయ్యో, తీసేశారేం?" పెద్ద క్లయింటు నిద్రలోంచి లేచినట్టు అడిగాడు. "మూడేళ్లలో ఇంత హాయైన మీటింగు ఇదేనండీ. ఇంకో ఏడాది చూద్దాంలెండి. వచ్చేసారి కూడా అవే పెట్టండి."

సాయంత్రం ఆవిడ కొత్త నియమం రాసుకుని సంతకానికి వెళ్లింది: మొదటి వరుస చేపలు, రెండో వరుస మేనేజర్.

ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివి, 'మేనేజర్' పక్కన 'గారు' చేర్చి, సంతకం పెట్టాడు.