మూత తియ్యని పరీక్ష

మా ఆసుపత్రి ప్రయోగశాలలో యంత్రం ఎంపిక పూర్తి నిష్పక్షపాతంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కాంతి కణాలను ఒక్కొక్కటిగా, కణానికో టిక్కు చొప్పున లెక్కపెట్టే యంత్రం అది. రోగి రక్తపు చుక్కలోంచి వచ్చే అతి సన్నని వెలుగును లెక్కిస్తుంది. వెలుగు ఎక్కువుంటే జబ్బు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పాత యంత్రాన్నీ, కొత్తగా వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి పోటీ నిర్వహించారు.

డైరెక్టర్ గారు స్వహస్తాలతో మీట నొక్కారు. పాతది ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని, ఎప్పుడో ఒకసారి టిక్కుమంది. కొత్తది పేలాలు వేగినట్టు చిటపటలాడుతూ వేలకు వేలు చూపించింది. కమిటీ సభ్యులు లేచి మరీ చప్పట్లు కొట్టారు.

అక్కడ ఒక పరిశోధకురాలుంది, నోరు ఊరుకోదు. వెలుగు లోపలికి పోయే చోట రెండింటికీ మూతలు తియ్యలేదని గుర్తుచేసింది. లోపలంతా చిమ్మచీకటి, కొత్తది లెక్కపెట్టింది వెలుగును కాదు, తన ఒంటి వేడికి పుట్టిన గోలను అని వివరించబోయింది.

డైరెక్టర్ గారు జాలిపడ్డారు. "చూడమ్మా, మూత తీస్తే ఎవరైనా చూస్తారు. మూత ఉండగానే ఇంత చూసిందంటే, చూపంటే అదీ."

ఈ మాటను కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. 'కష్టపడే తత్వం లేదు' అన్న కారణంతో పాతదాన్ని స్టోర్‌రూముకు పంపారు. పాపం ఒంటరిగా ఉంటుందని పరిశోధకురాలినీ దానితోపాటే పంపారు. మావాళ్లు దయగలవాళ్లు.

ఇక కొత్తదాని పనితనం చెప్పనలవి కాదు. వచ్చినవాళ్లందరికీ జబ్బు తేల్చింది. పొరపాటున ఖాళీ సీసా పెడితే దానికీ ముదిరిందంది. ఆపరేషన్ బల్లలకు తీరిక లేకుండా పోయింది. ఒకప్పుడు "నీకేం లేదు, వెళ్లిరా" అనిపించుకుని మొహం వేలాడేసుకుని పోయిన జనం, ఇప్పుడు తృప్తిగా ఇళ్లకు వెళుతున్నారు.

ప్రచారం ఫోటో కోసం డైరెక్టర్ గారు కూడా ఒక చుక్క ఇచ్చారు. యంత్రం ఆయన హోదాకు తగ్గట్టే చిటపటలాడింది. వెంటనే కోసెయ్యాలని సర్జన్ గారు అభినందనపూర్వకంగా తెలిపారు.

ఆ సాయంత్రమే స్టోర్‌రూము తలుపు మెల్లగా తెరుచుకుంది. చేతిలో సీసాతో డైరెక్టర్ గారు, మొహం నిండా చెమట.

"దీన్ని పాతదాంట్లో పెట్టమ్మా. మూత తియ్యడం మర్చిపోకు," అన్నారు గొంతు తగ్గించి.

మూత తీసి పెట్టింది. అది ఎప్పటిలాగే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. డైరెక్టర్ గారు అక్కడే ఉన్న అట్టపెట్టె మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. ఆమెకూ జాలేసింది. ఆయన తేరుకున్నాక, బయట వరసలో ఉన్నవాళ్ల సంగతేమిటని అడిగింది.

"వాళ్లకు కొత్తదే కావాలమ్మా. నమ్మకపోతే వెళ్లి అడుగు."

వెళ్లి అడిగింది. వరసలో ముందున్న పెద్దాయన చిన్నబుచ్చుకున్నాడు.

"ఏం తల్లీ, మేం సున్నాతో సరిపెట్టుకునేవాళ్లలా కనిపిస్తున్నామా?"

అవునవునంటూ వెనక తలలూపినవాళ్లలో మిమ్మల్నీ చూశాను. నా వెనకే నిలబడ్డారు.