నాలుగో నమూనా

మా వీధి దర్జీ గారి కుటుంబం శాస్త్ర పరిశోధనకు ఎంపికైందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. తాగుడు రక్తంలోనే వస్తుందా, వస్తే ఏ జన్యువు మోసుకొస్తోంది అన్నది తేల్చడానికి వచ్చిన డాక్టరు గారు ఊరంతా గాలించి ఈ ఇంటినే మెచ్చారు. నిబంధన ఒక్కటే: ఒకే రక్తం పంచుకున్న తాగుబోతులు నలుగురుండాలి, నలుగురూ ప్రస్తుతం ఆ వృత్తిలో కొనసాగుతూ ఉండాలి. తండ్రి, తండ్రి తమ్ముడు, పెద్దకొడుకు, చిన్నకొడుకైన మన దర్జీ. లెక్క సరిపోయింది.

ఇన్నాళ్ళూ సీసాను బీరువా వెనక దాచిన తండ్రి, డాక్టరు గీసిన వంశవృక్షానికి పటం కట్టించి ముందుగదిలో వేలాడదీశారు. తాగినవారి గళ్ళు నల్లగా ఉన్నాయి. ఎన్నడూ తాగని ముత్తాత గడి ఒక్కటే తెల్లగా ఉండి ఇంటికి తలవంపులు తెచ్చింది.

ఇంతలో గుట్టు రట్టయింది. దర్జీ తాగుడు మానేసి ముప్పై ఆరు రోజులట. చేతి వణుకు తగ్గి, దారం మొదటిసారికే సూదిలోకి ఎక్కుతోందట. భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంతటి ద్రోహం ఏ కుటుంబమూ సహించదు. పైగా పక్కవీధిలో ఐదుగురున్న ఇల్లొకటి సిద్ధంగా ఉందని డాక్టరు గారు విచారంగా సెలవిచ్చారు.

ఆస్తి పంపకాల నాటినుంచి మొహాలు చూసుకోని తండ్రీ, ఆయన తమ్ముడూ దర్జీ ఇంట్లో ఒకే బల్ల మీద కూర్చున్నారు. తాగొద్దని చెప్పడానికి ఇరవై ఏళ్ళలో ఒక్కరూ రాని ఆ ఇంట్లో, తాగమని చెప్పడానికి వచ్చినవాళ్ళకు చోటు చాలలేదు.

“నా కోసం అడగట్లేదురా, సైన్సు కోసం అడుగుతున్నాను. మనింట్లో ఒక్కడైనా మాట తప్పాడా?” అని తండ్రి ఉపన్యసించారు.

“ఇప్పుడిప్పుడే చెయ్యి నిలుస్తోంది నాన్నా.”

“మంచిదేగా, గ్లాసు ఒలకదు,” అన్నాడు అన్న.

“ఆయన్ని వదిలెయ్యండి మామయ్యా,” అంటూ దర్జీ భార్య అడ్డం నిలబడింది. చెప్పొద్దూ, నాకూ గుండె కలుక్కుమంది. అయినా వీధి పరువు ముఖ్యం కదా, ఊరుకున్నాను.

అరగంటకు గ్లాసు ఖాళీ అయింది. డాక్టరు గారు పైకి చదువుతూ రాసుకున్నారు: “ముప్పై ఆరు రోజులు మానినా, బయటివారి ప్రోద్బలం ఏమీ లేకుండానే జబ్బు తిరగబెట్టింది. వంశపారంపర్యం ఎంత బలమైనదో రుజువైంది.”

“పోసింది వీళ్ళే కదండీ, అది రాయరా?” అని అడిగింది భార్య.

“వీళ్ళు బయటివాళ్ళెలా అవుతారమ్మా? సొంతవాళ్ళే కదా,” అన్నారు డాక్టరు గారు జాలిగా.

గుమ్మంలో నిలబడి అంతా చూసిన మా వీధివాళ్ళం కూడా పరాయివాళ్ళమేం కాదు కాబట్టి, చప్పట్లు కొట్టి ఎవరిళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం.